వత్తాను మావా

శుద్ధ పంచమి

పొద్దున్నే వంతు నీళ్ళు పట్టాను. ఉప్పు తెలుస్తోంది. నిన్న నాలుక చివర తెలిసింది. ఇవాళ గొంతులో తెలిసింది. మా అక్క దానమ్మ టీ ఒక్క గుక్క తాగి మిగతాది సముద్రంలో పారబోసింది.

"నీదేదో నువ్వే తాగు" అంది సముద్రంతో.

మా తేలూరు పేరుకు తగ్గట్టే నీళ్ళ మీద తేలుతుంది. డ్రమ్ములు, పలకలు కట్టి వేసుకున్న ఊరు. కింద మునిగిన ఊరి వాటర్ ట్యాంకు ఉంది. దాని స్తంభానికే మా లంగరు. సముద్రపు నీటిని తియ్యగా చేసే మర ఒకటి మా మధ్యలో ఉంది. అందులో వడపోత గొట్టాలు పాడైపోతున్నాయి. పక్క వరస పలకల మీద ఇద్దరు పిల్లలకి విరేచనాలు పట్టుకున్నాయి.

కొత్త గొట్టాలు దొరికే చోటు ఒక్కటే, నీళ్ళోడ. ఒకప్పుడు ఈ తీరం ఊళ్ళన్నిటికీ మంచినీళ్ళు చేసి పంచిన ఓడ అది. తుఫానులో మునిగింది. పది బారల లోతున పక్కకి ఒరిగి ఉంది. దాని కొట్టుగదిలో గొట్టాలు సీలు విప్పకుండా ఉన్నాయి. నా కోడలు పారమ్మ దిగుతుంది. నా కొడుకు పోలయ్య పడవ చూస్తాడు. నేను తాడు పడతాను.

ఓడ దగ్గర నీటి ఈడ్పు ఎక్కువ. పోటు ఆగి, పాటు మొదలయ్యే ముందు నీరు కాసేపు నిలుస్తుంది. ఆ నిలకడలోనే దిగాలి, ఆ నిలకడలోనే పైకి రావాలి. మా అక్క అడ్డచుట్ట కాలుస్తుంది. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుంటుంది, గాలికీ తుంపరకీ ఆరదు. నీరు నిలవగానే చుట్ట ముట్టిస్తుంది. ఇదివరకు చుట్ట మొత్తం కాలేదాకా నీరు కదిలేది కాదు. ఉత్తరాన సముద్రానికి పెద్ద గోడ కట్టడం మొదలయ్యాక సగం చుట్టకే కదులుతోంది. గోడ పెరిగేకొద్దీ చుట్ట పొడుగు మిగిలిపోతోంది.

అష్టమికి ఈడ్పు తక్కువ. అప్పుడు దిగాలి.

శుద్ధ షష్ఠి

కొండ మీది ఊరినుంచి వహీదా వచ్చింది. గాలి సిలిండర్లు నింపి తెచ్చింది. ఒక పెట్టె కూడా తెచ్చింది. ఈడ్పు పెరిగింది కాబట్టి ఇకమీదట పెట్టె లేకుండా సిలిండర్లు ఇవ్వకూడదని కొండ మీద తీర్మానం చేశారట.

పెట్టె వింటుంది. దిగిన మనిషి మాస్కులో మాట్లాడితే, నడుం తాడు వెంట ఉన్న తీగలోంచి మాట పైకి వస్తుంది. తాడు మర చక్రం మీదుగా పోతుంది. వదలమంటే పెట్టె వదులుతుంది. పైకి వస్తానంటే చుడుతుంది. మనిషి చెయ్యి అక్కర్లేదు.

"మీ తప్పేం లేదు బాబాయ్" అంది వహీదా నాతో. "చెయ్యి అలిసిపోతుంది. ఇది అలవదు."

నేను తల ఊపాను. మంచి పిల్ల. నా వైపు చూడకుండా చెప్పింది, నాకు నొప్పి కలగకూడదని.

పెట్టెకి మా మాటలు నేర్పించాలంది. అందరం కూర్చున్నాం. వహీదా ఒక్కొక్కటే అడిగింది, పారమ్మ చెప్పింది.

"తాడు ఇంకా కావాలంటే?"

"వొదులు అంటాను."

"ఆగమంటే?"

"ఉండు అంటాను. మరీ కోపమొత్తే ఉండెహె అంటాను."

"రెండూ నేర్పుదాం. పైకి రావాలంటే?"

"వత్తాను అంటాను. ఇంకేటంటాను?"

"వత్తాను అంటే వస్తాను. అంతే కదా?" అని వహీదా అందరి వైపూ చూసింది.

"అంతే" అన్నాడు పోలయ్య. "అంతే" అంది మా అక్క. నేనూ తల ఊపాను.

సాయంత్రం వహీదా సంచీ భుజాన వేసుకుని, "వస్తానండీ" అని చెప్పి తన పడవ ఎక్కి కొండ వైపు వెళ్ళింది.

శుద్ధ సప్తమి

ఇవాళ పరీక్షకి దిగడం. ఓడ లోపలికి కాదు, పైనే.

బయల్దేరేటప్పుడు పోలయ్య ఒడ్డు పలకల మీదివాళ్ళకి, "పోతన్నాం" అని కేకేశాడు. మా అక్క నోట్లోంచి చుట్ట తీసింది.

"నీ నోట్లో ఉప్పు పొయ్య! సముద్రం మీద పోతన్నాం అంటావేట్రా? వత్తాం అను."

"సరే అత్తా, వత్తాం. సాలా?"

పారమ్మ మాస్కు ఒళ్ళో పెట్టుకుని నవ్వుతోంది. తనూ ఆడవాళ్ళకి చెయ్యి ఊపి, "వత్తానర్రా" అంది. మర చక్రం ఒక చుట్టు తిరిగి ఆగింది. తాడు కొస పారమ్మ నడుం మీద చిన్నగా లాగింది.

"తీగ ఎక్కడో వదులైంది" అని వహీదా వంగి చూసింది. బిగించింది.

పారమ్మ దిగుడు తాడు పట్టుకుని కిందికి వెళ్ళింది. దిగుడు తాడంటే పడవనుంచి ఓడ కమ్మీ దాకా కట్టి ఉంచిన మోకు. దాన్ని చేత్తో పట్టి దిగాలి, చేత్తో పట్టి ఎక్కాలి. ఈదితే ఈడ్పు తీసుకుపోతుంది. సిలిండర్లో గాలి మూడు వాటాలు. ఒకటి వెళ్ళడానికి, ఒకటి రావడానికి, ఒకటి దేవుడికి. ఇవన్నీ పారమ్మకి మా అక్క నేర్పింది. మా కాలంలో మునకలేసింది మా అక్కే. అప్పుడూ తాడు నాదే.

పెట్టె బాగానే పనిచేసింది. వొదులు అంటే వదిలింది, ఉండు అంటే ఆగింది. వహీదా ముఖం వెలిగిపోయింది.

నా చేతులకి పని లేదు. ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

నాకూ పారమ్మకీ మాటలు తక్కువ. మా ఇళ్ళల్లో కోడలు మావతో ఎదురుగా మాట్లాడదు. నేనూ మాటకారిని కాను. పెళ్ళై వచ్చినప్పటినుంచీ ఏం కావాలన్నా పోలయ్యతోనో మా అక్కతోనో చెప్పి పంపుతుంది. "మావకి సేప ముల్లు తీసి పెట్టండి", "మావకి దుప్పటి ఇవ్వండి." నీళ్ళలో దిగాక మాత్రం తాడు మీద చెబుతుంది. ఒకసారి లాగితే బాగున్నాను. రెండుసార్లు గబగబా లాగితే వదులు. మూడుసార్లు గట్టిగా లాగితే పైకి వస్తున్నాను.

ఇవి కాక ఇంకొకటి ఉంది. ఎవరూ నేర్పింది కాదు. ఓడ గుమ్మం దగ్గర, లోపలికి దూరే ముందు, రెండుసార్లు మెల్లగా, బారుగా లాగుతుంది. ఇల్లు దాటేటప్పుడు చెప్పే మాటలాగా. వెళ్ళొస్తానని. నేనూ ఒకసారి మెల్లగా లాగుతాను. దాని గురించి మేమెప్పుడూ మాట్లాడుకోలేదు.

ఇవాళ లోపలికి దూరలేదు కాబట్టి ఆ సంగతి రాలేదు.

శుద్ధ అష్టమి

జరిగింది వరసగా రాస్తాను.

నీరు నిలిచింది. మా అక్క చుట్ట ముట్టించింది. పారమ్మ దిగింది. పడవ దిగుడు తాడుకి కట్టేసి ఉంది. పెట్టెలోంచి పారమ్మ ఊపిరి వినిపిస్తోంది.

"కమ్మీ కాడున్నాను" అంది. "వొదులు." పెట్టె వదిలింది. "గుమ్మం కనపడతన్నాది. ఒలమ్మ, ఎంత పెద్ద సేపో! గుమ్మంలో కాపలా కూకున్నాది."

"దానికి నీ మొగుడి పేరు సెప్పు, పారిపోద్ది" అంది మా అక్క. కిందికి వినపడదు. పోలయ్యకి వినపడాలనే అంది.

తరవాత ఊపిరి ఒక్కటే. గుమ్మం దగ్గర ఆగిందని నాకు తెలిసింది. తాడు నా చేతిలో ఉంటే ఇప్పుడు లాగేది. చక్రం మీద ఉంది కాబట్టి లాగినా నాకు అందదని తనకీ తెలుసు.

పెట్టెలోంచి మాట వచ్చింది. మెల్లగా అంది.

"వత్తాను మావా."

పెళ్ళై వచ్చాక నా కోడలు నాతో నేరుగా అన్న మొదటి మాట అది. నేను తల దించుకున్నాను. ఏమీ అనలేదు.

"పైకి వస్తున్నారు. తాడు చుడుతున్నాను" అంది పెట్టె.

చక్రం తిరగడం మొదలుపెట్టింది.

"అప్పుడేనా?" అన్నాడు పోలయ్య. "గొట్టాలు గుమ్మంలోనే దొరికేసినాయేటి?"

టక్కుమని శబ్దం వచ్చింది. ఊపిరి ఆగిపోయి హోరు మిగిలింది. "మాట అందడం లేదు" అంది పెట్టె. చక్రం తిరుగుతూనే ఉంది.

నేను తాడు మీద చెయ్యి వేశాను. అలవాటు కొద్దీ వేశాను. మనిషి పైకి వస్తుంటే తాడు మెత్తగా ఉంటుంది. కొంచెం బిగుస్తుంది, కొంచెం వదులుతుంది. ఇది అలా లేదు. ఇనప కడ్డీలాగా ఉంది.

"కాదు" అన్నాను. ఎవరికీ వినపడలేదు.

"కాదు! ఆపమ్మా! ఆపు!"

అరిచింది నేనేనా అని మా అక్క తిరిగి చూసింది. వహీదా కారణం అడగలేదు. మీట ఒక్క దెబ్బ కొట్టింది. చక్రం ఆగింది. తాడు చక్రం మీదనుంచి తప్పించి చేతిలోకి తీసుకుని వదులు ఇచ్చాను.

కింద ఏం జరిగిందో తరవాత పారమ్మ చెబితే తెలిసింది. లోపలికి దూరి ఇంకా నిండా రెండు బారలు పోలేదు, వెనకనుంచి నడుం పట్టి ఈడ్చినట్టయింది. గుమ్మం అంచుకి వీపు కొట్టుకుంది. సిలిండరు తగులుకుంది. మాట తీగ తెగింది. తాడు వదిలాం గానీ అప్పటికే నీరు కదిలింది. వదులు తాడుని ఈడ్పు విల్లులాగా వంచి, ఓడ విరిగిన కమ్మీకి చుట్టేసింది. ఇప్పుడు లాగుతున్నది మర కాదు, సముద్రం.

పైన మాకు ఇవేమీ తెలియవు. మా అక్క నోట్లో చుట్ట సగమైనా కాలలేదు. పడవ పక్కన నీరు గీతలు పడుతోంది.

తాడు మీద ఒకసారి లాగి చూశాను. బాగున్నావా అని. జవాబు లేదు. మళ్ళీ లాగాను.

అప్పుడు అందింది. చాలా దూరంనుంచి వచ్చినట్టు, పల్చగా. మెల్లగా ఒకటి. మెల్లగా ఇంకొకటి.

తాడు ఒక్కసారిగా తేలికైపోయింది.

గబగబా లాగాను. కొస చేతికొచ్చింది. పోలయ్య దాన్ని చూసి చొక్కా విప్పేశాడు.

"తెగిపోనాది నాన్నా. తాడు తెగిపోనాది. నాను దిగుతాను."

"ఆగు" అంది వహీదా. "తాడు పోయినా దిగుడు తాడు ఉంది. దాన్ని పట్టుకుని ఇక్కడికే వస్తుంది. పడవ ఇక్కడినుంచి కదలకూడదు. పైకొచ్చేసరికి మనం లేకపోతే ఎలా?"

ఆమె చెప్పింది నిజం. రూలు అదే. దిగుడు తాడు దగ్గరికి చేరగలిగితే పారమ్మ అక్కడే ఎక్కుతుంది. చేరలేకపోతే నీటితో పాటు పోతుంది. పడవ రెండు చోట్లా ఉండలేదు.

మా అక్క నా పక్కన కూర్చుంది.

"తమ్ముడూ, తాడు ఏటి సెప్పింది?"

"వత్తానంది."

"ఎక్కొత్తానందా?"

"కాదప్పా. అదైతే మూడు గట్టిగా లాగుద్ది. ఎల్లొత్తానంది. ఇల్లు దాటేటప్పుడు అన్నట్టు."

మా అక్క నా ముఖంలోకి చూసింది. నేను తాడు కొస చూపించాను. పీచులు రేగలేదు. కత్తి పెట్టి కోసినట్టు నున్నగా ఉంది.

"ఇది తెగలేదు. కోసింది. నాకు సెప్పీసి కోసింది. ఓడని వదిలీసి నీటితో ఎల్లిపోయింది. పడవ విప్పండి."

నా బతుకులో అన్ని మాటలు ఒకేసారి ఎప్పుడూ ఆడలేదు. పోలయ్య వహీదా వైపు చూశాడు. వహీదా నా చేతిలో కొస చూసింది. వెళ్ళి ముడి తనే విప్పింది.

పడవని ఈడ్పుకి వదిలేశాం. ఇంజను పెట్టలేదు. తనని నీరు ఎటు తీసుకుపోతుందో మమ్మల్నీ అటే తీసుకుపోవాలి. మా అక్క పారమ్మకి నేర్పిన పాఠం అది. ఎదురీదకు, గాలి అయిపోతుంది. ఓడ చాటున ఊపిరి సర్దుకో. నీటికి నిన్ను ఇచ్చెయ్యి. నడుముకున్న గాలి సంచీ ఊది పైకి వదులు, దాని కింద వేలాడు. పడవ నీ వెనకే వస్తుంది.

పడవ వెనకే రావాలి. ఆ పాఠంలో అది మా వంతు.

నాలుగు వైపులా నలుగురం చూస్తున్నాం. ఎండకి నీళ్ళు తళతళలాడుతున్నాయి. ప్రతి తళుకూ సంచీలాగే ఉంది. నేను తప్పు చదివానేమో అనిపించింది. అది ఈడ్పే తాడుని రెండుసార్లు కదిపిందేమో. అక్కడ దిగుడు తాడు దగ్గర తల పైకెత్తి మా కోసం చూస్తోందేమో. వెనక్కి తిరిగి చూశాను. దిగుడు తాడు కొసన తేలే బుంగ చిన్నదైపోయింది.

"అదిగో!" అంది వహీదా. "నారింజ రంగు! అక్కడ!"

నిలువుగా నిలబడింది సంచీ. నీళ్ళలోంచి వేలు ఎత్తినట్టు.

పోలయ్య ఏడుస్తూనే ఇంజను పెట్టాడు. పక్కకి చేరి ఆపేశాడు. పారమ్మ వెంటనే పైకి రాకూడదు. మూడు బారల దగ్గర ఆగి, ఒంట్లోకి ఎక్కిన గాలి దిగేదాకా వేలాడాలి. సంచీ తాడు చేతిలోకి తీసుకుని ఒకసారి లాగాను.

కిందినుంచి ఒకసారి లాగింది.

మా అక్క చుట్ట ఆరిపోయింది. అడ్డచుట్ట ఆరగా నేను చూడటం అదే మొదలు. నోరు తెరుచుకుని ఉండిపోయిందేమో.

శుద్ధ నవమి

పారమ్మకి వీపంతా కమిలింది, భుజం లేవడం లేదు. గొట్టాలు రాలేదు. నీళ్ళు మరీ ఉప్పగా ఉన్నాయి. పిల్లల వరకు కొండ మీదినుంచి డబ్బాల్లో తెప్పిస్తామంది వహీదా. పెద్దవాళ్ళం వానకి పట్టిన నీళ్ళు వంతులేసుకున్నాం.

వహీదా పొద్దున్నే వచ్చి పెట్టెని ముక్కలుగా విప్పి కూర్చుంది. రాత్రి నిద్రపోయినట్టు లేదు.

"తీగ బాగుంది. మర బాగుంది. దానికి వినపడింది, చేసింది. నిన్న రాత్రి అదే పదిసార్లు విన్నాను. వత్తాను మావా. అంతే ఉంది." ఆమె కళ్ళు తుడుచుకుంది. "రోజూ నేను మీ దగ్గర సెలవు తీసుకుంటూ అంటున్న మాటే. నాకెందుకు తట్టలేదు బాబాయ్?"

"మా అందరినీ అడిగినావు కదా" అంది మా అక్క. "అందరమూ అంతే అన్నాం. ఎవులికి తట్టింది? నోట్లో నాలికని ఎవులు సూసుకుంటారు?"

పోలయ్య వాతావరణం తేలిక చేద్దామనుకున్నాడు. "అసలు మావా అన్నది నన్నేమో. పెళ్ళాలు మొగుళ్ళని మావా అనరేటి?"

లోపలినుంచి పారమ్మ గొంతు వినిపించింది. "అత్తా, ఆ మనిషికి సెప్పు. నాను ఏనాడైనా మావా అన్నానేటో అడుగు."

"ఒరే అనకుండా ఉంటే అదే గొప్పరా నీకు" అంది మా అక్క.

వహీదా నవ్వింది. తరవాత అడిగింది. "అయితే పైకి రావాలంటే ఏ మాట పెడదాం?"

"ఎక్కుతాను అని పెట్టు" అంది మా అక్క. "బస్సా, చెట్టా అనుకుంటాదేమో మరి నీ పెట్టె. మరి వత్తాను అంటే అదేటి సెయ్యాల?"

వహీదా చేతిలో ముక్క కింద పెట్టింది.

"ఏమీ చెయ్యకూడదు. ఆ మాట దానికి కాదు."

చక్రాన్ని పెట్టెనుంచి విడదీసింది. పెట్టె విని చెబుతుంది, అంతే. తాడు నా చేతిలో ఉంటుంది. సామాను పైకి లాగడానికి మాత్రం మర. కొండ మీద వాళ్ళు ఒప్పుకుంటారా అని పోలయ్య అడిగాడు. ఒప్పిస్తానంది.

వెళ్ళేటప్పుడు, "వస్తా..." అని ఆగిపోయింది.

"అనమ్మా" అంది మా అక్క. "మాట సెడ్డది కాదు."

"వస్తానండీ" అంది వహీదా.

బహుళ అష్టమి

భుజం నయమైంది. పారమ్మ మళ్ళీ దిగుతానంది. పోలయ్య వద్దన్నాడు. పక్క పలకల మీద చంటిపిల్ల నీళ్ళ కోసం ఏడుస్తుంటే అందరికీ వినపడుతోంది.

గొట్టాలు వచ్చాయి. ముందు అది రాయాలి. వల సంచీలో కట్టి పంపితే మర పైకి లాగింది. సీలు చెడలేదు. నీళ్ళ మరలో బిగించడం మధ్యాన్నానికి అయిపోయింది. మా అక్క మొదటి గ్లాసు పట్టి, చుట్ట తీసి, పుక్కిలించి మింగింది. "సప్పగా ఉన్నాయి. దేవుడా, ఎంత బాగున్నాయో!" అంది. నీటి నిలకడ పావు చుట్టకి పడిపోయింది. వచ్చే అష్టమికి ఇంకో దారి చూడాలి.

ఇంక ఒకటి రాస్తే అయిపోతుంది.

పడవ అంచు మీద పారమ్మ మాస్కు తొడుక్కుని కూర్చుంది. ఈసారి గుమ్మం దాకా ఆగలేదు. అక్కడే, నా వైపు తిరిగింది. పెట్టె దీపం వెలుగుతోంది. అందరం పెట్టెనే చూస్తున్నాం.

"వత్తాను మావా" అంది.

పెట్టె కిమ్మనలేదు. చక్రం కదలలేదు. తాడు నా రెండు చేతుల్లో ఉంది.

ఆ మాటకి జవాబు ఏమిటో పసిపిల్లలకి కూడా తెలుసు. నాకు మాత్రం ఇన్నాళ్ళు పట్టింది.

"రా అమ్మా" అన్నాను.